మూడు డబ్ల్యూల పరుపుల కొట్టు

పెదకాకాని,
10 ఫిబ్రవరి 2002

రసూల్‌బీ అక్కకి,

నువ్వూ రంజాన్ బావా కులాసా అని తలుస్తాను. ఫోన్లో అయితే నేను మాట మార్చేస్తానని, కాగితం మీద అయితే దొరికిపోతానని నాన్న పోయిన ఏడాది నువ్వు నా చేత ఒట్టు వేయించుకున్నావు. ఆ ఒట్టు ప్రకారం రాస్తున్నాను.

ముందు చెడ్డ కబురు. కొట్టు గది ఓనరు జయరావు గారు నిన్న వచ్చి, దులుపుకోకుండానే దూది మీద కూర్చున్నారు. "చూడు సిలారూ, మీ నాన్న మొహం చూసి ఇన్నాళ్లు ఊరుకున్నాను. రోజంతా చూసినా నీ కొట్లోకి నలుగురు రావట్లేదు. ఫోమ్ పరుపుల కంపెనీ వాళ్లు షోరూముకి ఈ గదే కావాలంటున్నారు. ఉగాది దాకా ఆగుతాను. అప్పటికి గిరాకీ కనపడకపోతే వాళ్లకిచ్చేస్తాను. నీకేం భయం లేదు, సేల్స్‌మన్‌గా నిన్నే పెట్టుకోమని చెప్పాను. అదే గది, అదే కుర్చీ. టై కట్టుకోవాలి, అంతే" అన్నారు.

అక్కా, నాన్న ముప్పై ఏళ్లు దూది ఏకిన గదిలో నేను టై కట్టుకుని ఫోమ్ అమ్మలేను. పున్నమ్మ పద్దెనిమిదేళ్లుగా మన దగ్గర పరుపులు కుడుతోంది. ఫోమ్ పరుపుకి కుట్టే పనే ఉండదు. ఆమెని ఎక్కడికి పొమ్మనను?

ఇప్పుడు మంచి కబురు. మన కొట్టుకి వెబ్‌సైటు పెట్టించాను. గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటర్ సెంటర్ నడిపే ప్రేమ్‌చంద్ గారు తయారుచేశారు. ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడినుంచైనా కంప్యూటర్లో మన కొట్టు చూడొచ్చు, ఆర్డరు పంపొచ్చు. "ఇకముందు జనం కొట్టుకి రారండీ, కొట్టే జనం దగ్గరకి పోతుంది. వెబ్‌సైటు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు" అన్నారాయన. మాట్లాడుతున్నంతసేపూ కుర్చీలో అటూ ఇటూ కదులుతూనే ఉన్నారు, నడుంనొప్పట పాపం.

పాత బోర్డు తీసేసి కొత్తది పెట్టాం. నీలం రంగు, మధ్యలో భూగోళం, పక్కన కంప్యూటర్ బొమ్మ, కింద ఇంగ్లీషులో మూడు డబ్ల్యూలు, డాట్, సిలార్‌బెడ్స్, డాట్ కామ్. హైవే మీద పోయే బస్సుల్లోంచి కూడా కనిపిస్తుంది. సైటుకి ఎంతయిందని అడగకు, ఏదో సర్దుబాటు చేసుకున్నాం.

నీ తమ్ముడు,
సిలార్

---

సింగరాయకొండ,
24 ఫిబ్రవరి 2002

ఒరేయ్ సిలారూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. సైకిలు ట్యూబుకి పంక్చరు వేస్తున్న మనిషి ఆగి, "మీ తమ్ముడు టైలో బాగానే ఉంటాడు" అన్నాడు. ఆయన మాట వదిలెయ్. నా మాట విను.

పరుపు కొనడానికొచ్చిన మనిషి ముందు ఏం చేస్తాడు? కుట్టు సందులో వేలు దూర్చి కాస్త దూది లాగుతాడు. గింజ తగులుతుందేమోనని నలుపుతాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, పాత దూది కలిపావా అని నీ మొహంలోకి చూస్తాడు. ఆ తర్వాత పరుపు మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి, అప్పుడు ధర అడుగుతాడు. కంప్యూటర్లో వేలు ఎక్కడ దూరుస్తార్రా?

సరే, ప్రపంచం అంతా చూస్తుందన్నావు. ప్రపంచానికి పరుపు నువ్వేమైనా భుజాన వేసుకెళ్లి ఇస్తావా? మన కొట్టు ముందు నుంచి పోయేది ఎవరు? ఆదివారం గుడికొచ్చేవాళ్లు, దర్గాకొచ్చేవాళ్లు, మిరపకాయ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకి పోయేవాళ్లు. ఆ మూడు డబ్ల్యూలు వాళ్లలో ఎందరు చదువుతారు? చదివినవాళ్లకైనా అది పరుపుల కొట్టని ఎట్లా తెలుస్తుంది?

ఇంకొకటి. పాత బోర్డు తీసేశానని రాశావు. ఆ బోర్డు కింద నాన్న దూదేకే విల్లు వేలాడుతుండేది. నాన్న దాన్ని భుజానేసుకుని ఊళ్లు తిరిగినప్పుడు, తీగ మీద కొయ్యతో ఒక్క దెబ్బ వేస్తే వీధి చివర ముసలమ్మ కూడా పాత పరుపు చుట్టుకుని అరుగు మీదికి వచ్చేది. ఆయన నోరు తెరిచి "పరుపులు ఏకుతాం" అని అరవడం నేనెప్పుడూ వినలేదు. మిషను వచ్చాక కూడా ఆ విల్లుని కొట్టుకి గుర్తుగా ఉంచాడు. కొత్త బోర్డు కింద అది ఉందా లేదా? దీనికి మాత్రం జవాబు రాయి.

అక్క,
రసూల్‌బీ

---

పెదకాకాని,
15 మార్చి 2002

అక్కా,

నువ్వు నమ్మవని తెలిసే లెక్కతో సహా రాస్తున్నాను. సైటు కింద ఒక మీటరు ఉంటుంది, ఎంతమంది వచ్చి చూశారో అదే చెప్తుంది. నిన్నటికి నాలుగువందల పన్నెండు. నాన్న కాలంలో నెలకి నాలుగువందల మంది వచ్చారా, చెప్పు.

మెయిళ్లు కూడా వస్తున్నాయి. వారానికోసారి బ్రాడీపేట వెళ్లి ప్రేమ్‌చంద్ గారి దగ్గర చదివించుకుంటున్నాను. ఇప్పటికి మూడు వచ్చాయి. ఒకాయన నలభై టన్నుల పత్తి ఓడలో పంపగలవా అన్నాడు. ఇంకొకాయన నీళ్లు నింపిన పరుపు ఉందా అన్నాడు. వర్షాకాలంలో మన గది కారినప్పుడు అన్నీ అవే కదా అని రాయమన్నాను, ప్రేమ్‌చంద్ గారు రాయలేదు. మూడోది ఎక్కడో దేశంకాని దేశంలో ఒక పెద్దావిడ. భర్త పోయాడట, పెట్టెల నిండా బంగారం ఉందట, దాన్ని దాటించడానికి నమ్మకమైన మనిషి కావాలట. ఎక్కడో ఒకచోట పరుపు అడుగుతుందేమోనని చివరిదాకా చదివించాను. అడగలేదు.

మామూలుగా వచ్చేవాళ్లు కాస్త తగ్గినమాట నిజం. ఆ ఇంగ్లీషు ఎందరు చదువుతారని నువ్వడిగావు కదా, కొత్త బోర్డు మీద చోటు లేక షట్టరు మీద తెలుగులో రాయించాను. "సిలార్ పరుపుల కొట్టు" అని ఎర్రక్షరాలతో, మనిషెత్తున. నాలుగు రోజుల తర్వాత పున్నమ్మ నిదానంగా అడిగింది, "పగలంతా షట్టరు పైకి చుట్టుకునే ఉంటుంది కదయ్యా, కొట్టు కట్టేశాక చదువుకుంటారా" అని. ఇంతకుముందే చెప్పొచ్చు కదా అంటే, "కంప్యూటర్లో ఏమన్నా వేరే ఏర్పాటు ఉందేమో అనుకున్నా" అంది.

జయరావు గారు మళ్లీ వచ్చారు. టై కొనుక్కొచ్చి నా కుర్చీకి తగిలించి పోయారు. ముదురు ఎరుపు, దాని మీద బంగారు గీతలు. మనిషి మంచివాడే, అక్కడే చిక్కు.

విల్లు భద్రంగా ఉంది.

సిలార్

---

సింగరాయకొండ,
28 మార్చి 2002

సిలారూ,

మా పక్కింటి శ్రీరమ్య డిగ్రీ చదువుతోంది. రవిక కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు నీ మూడు డబ్ల్యూల సంగతి చెప్తే, బస్టాండు దగ్గర నెట్ సెంటరుకి తీసుకెళ్లింది. నీ సైటు చూశాను.

బాగుంది. నీ ఫోటో కూడా బాగుంది, ఎవరో చచ్చిపోయినట్టు నిలబడ్డావు గానీ. మీటరు ఆరువందల యాభై చూపించింది. శ్రీరమ్య బొమ్మ కనపడలేదని ఇంకో మూడుసార్లు తెరిచింది, ఆరువందల యాభైమూడు అయింది. నువ్వూ, ఆ ప్రేమ్‌చందూ రోజుకి ఎన్నిసార్లు తెరుస్తార్రా?

"మన సంప్రదాయం" అని రాసిన చోట నాన్న విల్లు ఫోటో ఉంది. అది తగిలించిన గోడ మన గోడ కాదు. మన గోడకి సున్నం, దానికి రంగు. పక్కన కూలరు ఉంది. దాని పైన ఎవరిదో సర్టిఫికెట్టు అద్దం కట్టించి ఉంది. శ్రీరమ్య బొమ్మ పెద్దది చేసి పేరు చదివింది. ప్రేమ్‌చంద్.

భద్రంగానే ఉంది. ఎవరి గోడకో రాయలేదు నువ్వు.

రసూల్‌బీ

---

పెదకాకాని,
10 ఏప్రిల్ 2002

అక్కా,

కాళ్లు పట్టుకుంటున్నాననుకో. సైటుకి ఇవ్వడానికి నా దగ్గర సరిపోలేదు. ప్రేమ్‌చంద్ గారు ఫోటోలు తీయడానికి వచ్చి ఆ విల్లు చూసి, "ఇది మా ఆఫీసు గోడకి బ్రహ్మాండంగా ఉంటుందండీ, మిగతాది మీరేం ఇవ్వక్కర్లేదు" అన్నారు. నాన్న ఉన్నప్పుడు కూడా అది ఊరికే వేలాడుతుండేది కదా అనుకున్నాను. ఇచ్చిన రోజు కొట్టు మూసేసి గుంటూరు పోయి సినిమా చూశాను, ఏం చూశానో గుర్తులేదు. చాలా, ఇంకా రాయమంటావా?

నువ్వు తిట్టేలోపు ఒక్కమాట. సైటులో మొదటి ఆర్డరు వచ్చింది. నిజమైన ఆర్డరు.

కావలి నుంచి గుల్షన్ అనే ఆమె పంపింది. డబుల్ కాట్ పరుపు ఒకటి, బూరుగుదూది దిండ్లు రెండు. మెయిల్ ఇంగ్లీషులోనే ఉంది గానీ ఇంత వివరంగా ఎవరూ రాయరని ప్రేమ్‌చంద్ గారే ఆశ్చర్యపోయారు. పత్తి కొత్తదై ఉండాలి, రెండుసార్లు ఏకాలి, కుట్టుకీ కుట్టుకీ మధ్య జానెడు మించకూడదు, తలవైపు ఏదో తెలిసేటట్టు ఎర్రదారం ముడి వెయ్యాలి. నాన్న వేసేవాడే, ఆ ముడి. కావలిలో కూడా ఆ పద్ధతి ఎరిగినవాళ్లు ఉన్నారు చూశావా. డబ్బు మనియార్డరు చేసింది. పరుపు కావలి లారీ ఆఫీసుకి పంపితే తన మనిషి వచ్చి తీసుకుంటాడని రాసింది.

ఆ మెయిల్ కాగితం మీద అచ్చు తీయించుకుని తిన్నగా జయరావు గారింటికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "కావలి నుంచా" అన్నారు. అంతదూరం నుంచి అడుగుతున్నారంటే ఏదో ఉందని, ఫోమ్ వాళ్లని ఆషాఢం వెళ్లేదాకా ఆగమంటానని అన్నారు. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలవుతాయి కాబట్టి అంతకు మించి వాళ్లు ఆగరట. టై మాత్రం అక్కడే ఉంచమన్నారు.

గుల్షన్ గారి పరుపు పున్నమ్మ, నేను రెండు రోజులు కుట్టాం. అలాంటి పరుపు నేను మళ్లీ కుట్టలేనేమో.

సిలార్

---

సింగరాయకొండ,
2 మే 2002

సిలారూ,

ఉత్తరం అందింది. ఎవరో పుణ్యాత్మురాలు, చల్లగా ఉండాలి. పరుపు బాగా కుట్టావని ఆవిడ అనుకునే ఉంటుంది.

నిన్ను తిడదామని కూర్చుంటే మీ బావ అడ్డం వచ్చాడు. ఆయనకి నాలుగు రోజులుగా నడుం పట్టేసింది, ఏదో బరువు బస్సు మీదికెత్తి దింపాడు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి, రవికలు కుట్టించుకునేవాళ్లు కూడా సాయంత్రం అయితే గానీ రావట్లేదు.

తిట్టను గానీ ఒకటి చెప్తాను. ఒక్క ఆర్డరు చూసి మురిసిపోకు. ఆషాఢం ఎంతో దూరం లేదు. ఆ గుల్షనో ఎవరో ఏడాదికి ఎన్ని పరుపులు కొంటుంది? మంచాలు ఎన్ని ఉంటాయి ఆవిడకి? ఆ సైటు నీకొక తలుపు అనుకో. తలుపు ఒక్కటీ పెట్టి గోడలు లేకుండా ఇల్లంటే ఎట్లా?

విల్లు తెచ్చుకో. ఎట్లా తెస్తావో నాకనవసరం.

రసూల్‌బీ

---

పెదకాకాని,
9 జూన్ 2002

అక్కా,

ఈ ఉత్తరం తీరిగ్గా కూర్చుని చదువు. బావని కూడా పక్కన కూర్చోబెట్టుకో, నడుం తగ్గితే.

మొన్న ఎంసెట్ ఫలితాలొచ్చాయి. పొద్దున్న షట్టరు ఎత్తేసరికి కొట్టు ముందు ఇరవైమంది. ఇంతమందికి సరిపడా పరుపులు లేవే అని కంగారుపడ్డాను. ముందున్నాయన హాల్‌టికెట్టు నా చేతిలో పెట్టి "త్వరగా చూడు బాబూ" అన్నాడు. ఆ వెనకాయన, ఆ వెనకాయన, అందరి చేతుల్లోనూ హాల్‌టికెట్లే. నీలం బోర్డు, భూగోళం, కంప్యూటర్ బొమ్మ, మూడు డబ్ల్యూలు. నాలుగు నెలలుగా ఈ దారిన పోయేవాళ్లంతా, పరుపుల కొట్టు ఎత్తేసి నెట్ సెంటర్ పెట్టారనుకుంటున్నారట అక్కా.

"ఇది పరుపుల కొట్టండీ" అన్నాను. "కంప్యూటర్ లోపలుందా" అన్నాడు. "లేదండీ, దూది ఉంది" అన్నాను. ఒక పెద్దాయన నాకేసి జాలిగా చూశాడు.

పొమ్మనడానికి నోరు రాలేదు. పిల్లల మొహాలు చూస్తే నా ఫలితమే వస్తున్నట్టుంది. ఫోన్ తీసి ప్రేమ్‌చంద్ గారికి చేశాను. ఆయన సెంటర్లో ఇసకేస్తే రాలని జనం, అయినా సరేనన్నారు. నేను ఇక్కడ నెంబర్లు చదవడం, ఆయన అక్కడ చూసి ర్యాంకు చెప్పడం. ఒక్కోటి రావడానికి పావుగంట. ఎండలో నిలబెట్టలేక పున్నమ్మ లోపలున్న పరుపులన్నీ తెచ్చి అరుగు మీదా, చెట్టుకిందా పరిచింది. "కూర్చోండమ్మా, పరుపులు ఎటూ ఊరికే పడున్నాయి" అంది. కొట్టు యజమానిని నేను పక్కనే ఉన్నాను.

తుళ్లూరు నుంచి యలమందయ్య అనే రైతు, కూతురు బిందుమాధవిని తీసుకొచ్చాడు. మిరపకాయలు యార్డులో దించి నిద్రలేకుండా ఇటే వచ్చాడట. పరుపు మీద కూర్చున్నాడు, ఒరిగాడు, గురక పెట్టాడు. ఆ పిల్ల వంతు వచ్చి, ర్యాంకు నాలుగువేల చిల్లర అని ప్రేమ్‌చంద్ గారు చెప్పి, జనం అంతా చప్పట్లు కొట్టినా ఆయన లేవలేదు. పిల్ల సిగ్గుపడి భుజం పట్టి కుదిపితే లేచి, మొదట ర్యాంకు అడగలేదు. పరుపు నొక్కి చూశాడు. కుట్టు సందులో వేలు దూర్చి దూది లాగి నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నువ్వు రాసినట్టే, అక్కా, వరస తప్పకుండా.

అప్పుడు నాకేసి తిరిగి, "ఏమయ్యా, ఇది నీ దగ్గర కుట్టిందేనా?" అన్నాడు. అవునన్నాను. "మరి పరుపుల కొట్టని రాసుకోవడానికి నీకేం రోగం? మా ఆవిడ ఏడాది నుంచి పరుపులు ఏకించాలని చంపుతుంటే, ఆ దూదేకులాయన ఎటో పోయాడని చెప్తున్నాను. ఇట్లా కంప్యూటర్ బొమ్మ వెనకాల దాక్కుంటావా?" అని కేకలేశాడు. ఆ తర్వాత ర్యాంకు విన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని, "ఏ కాలేజీలో సీటొచ్చినా హాస్టలే కదా. అక్కడ ఇనపమంచం ఇస్తారు, పరుపు మనమే తెచ్చుకోవాలంట. మా పిల్లకి ఒకటి కుట్టు. చుట్టి బస్సులో వేసుకునేటట్టు ఉండాలి" అన్నాడు.

ఆ మాట విని ఇంకో నలుగురు అడిగారు. నేను కాదు, వాళ్లే అడిగారు.

సిలార్

---

సింగరాయకొండ,
17 జూన్ 2002

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. దూది ఉందన్న దగ్గర మీ బావ ఎంత నవ్వాడంటే, పట్టేసిన నడుం వదిలింది.

ఇప్పుడు చెప్పేది చెయ్యి, ఎదురు రాయకు. బోర్డు దింపించి తెలుగులో రాయించు. మూడు డబ్ల్యూలు కింద చిన్నక్షరాలతో ఉంటే ఉండనీ. హాస్టలు మంచం కొలత కనుక్కుని పదిహేను పరుపులు ముందే కుట్టి ఉంచు. గుంటూరు చుట్టూ ఎన్ని రెసిడెన్షియల్ కాలేజీలు ఉన్నాయిరా? ఇంటర్ పిల్లలు ఈ నెలాఖరుకి పెట్టెలు సర్దుకుని వస్తారు. వాళ్లు నీ కొట్టుకి ఎందుకొస్తారు? వాళ్లు దిగే గేటు దగ్గరకి నువ్వే పో. ప్రతి పరుపుకీ ఒక మూల మన ఫోన్ నెంబరు గుడ్డమీద కుట్టి పెట్టు. ఒక పిల్ల పడుకుంటే గదిలో మిగతా నలుగురూ అడుగుతారు.

గేటు దగ్గర అరవకు. నీ గొంతు బాగుండదు, చిన్నప్పటినుంచీ అంతే. నాన్న ఏం చేసేవాడో గుర్తు తెచ్చుకో. ఆ పిల్లల వెంట వచ్చేది ఎవరు? దర్శి, అద్దంకి, నరసరావుపేట ఊళ్ల నుంచి అమ్మలు, నాయనమ్మలు. వాళ్లకి ఆ చప్పుడు తెలుసు.

కాబట్టి ముందు బ్రాడీపేట పో.

రసూల్‌బీ

---

పెదకాకాని,
4 ఆగస్టు 2002

అక్కా,

నెలన్నరకి రాస్తున్నాను, ఒట్టు తప్పాను. సూది చేతిలోంచి దిగితే కదా.

నువ్వు చెప్పినట్టే ముందు బ్రాడీపేట వెళ్లాను. విల్లు తిరిగి అడగడానికి నోరు రాక, ప్రేమ్‌చంద్ గారి కుర్చీకి దూదితో మెత్త ఒకటి కుట్టి తీసుకెళ్లాను. ఆయన దాని మీద కూర్చున్నారు. కూర్చుని మెయిళ్లన్నీ చూశారు, లేవలేదు, కదల్లేదు. గంట తర్వాత, "ఇలాంటివి ఉన్నాయని మీరు సైటులో ఎందుకు రాయించలేదండీ" అన్నారు. ఫోటోలో మెత్తదనం కనపడదు కదండీ అన్నాను. ఆయన లేచి, స్టూలు వేసుకుని ఆయనే విల్లు దింపి ఇచ్చారు.

జూన్ ఆఖరి ఆదివారం ఒక కాలేజీ గేటు దగ్గరకి పదిహేను పరుపులు రిక్షాలో వేసుకుని పున్నమ్మా నేనూ వెళ్లాం. బస్సులు, జీపులు, ట్రంకు పెట్టెలు, ఏడుస్తున్న పిల్లలు, అంతకన్నా ఎక్కువ ఏడుస్తున్న తల్లులు. వాచ్‌మన్ కర్రతో వచ్చి అవతలికి పొమ్మన్నాడు. పున్నమ్మ ఒక పరుపు పరిచి, "ఒక్క నిమిషం కూర్చుని కేకలెయ్ బాబూ, నిలబడి అలిసిపోతావు" అంది. కూర్చున్నాడు. ఆ తర్వాత కేకలు వెయ్యలేదు.

విల్లు భుజానికి తగిలించుకున్నాను. పదేళ్లయింది పట్టుకుని. సిగ్గేసింది, నిజం చెప్తున్నాను. ప్యాంటూ చొక్కా వేసుకుని, గుంటూరు రోడ్డు మీద, ఇంగ్లీషు మీడియం కాలేజీ ముందు. కళ్లు మూసుకుని ఒక్క దెబ్బ వేశాను. టుంయ్. ఇంకొకటి. టుంయ్.

కళ్లు తెరిచేసరికి ఆడవాళ్లు అందరూ ఇటే తిరిగి ఉన్నారు. అద్దంకి వైపు నుంచి వచ్చిన ఒక నాయనమ్మ మనవడి చెయ్యి వదిలేసి గబగబా వచ్చి, "ఎన్నాళ్లయిందయ్యా ఈ చప్పుడు విని, అందరూ పోయారనుకున్నా" అంది. పదిహేనూ మధ్యాహ్నానికే అయిపోయాయి. నలభైమూడు ఆర్డర్లు రాసుకున్నాను. తర్వాతి ఆదివారం ఇంకో కాలేజీ. మూలన కుట్టిన నెంబరు చూసి పిల్లలు ఫోన్లు చేస్తున్నారు. మెల్లగా వాళ్ల ఊళ్ల నుంచి కూడా వస్తున్నారు, పాత పరుపులు ఏకించడానికి. యలమందయ్య గారు ట్రాక్టరు నిండా వేసుకొచ్చారు, వీధి మొత్తానివి. పున్నమ్మ ఇద్దరు ఆడవాళ్లని పనిలోకి తెచ్చుకుంది, నన్ను అడగలేదు.

నాలుగు రోజుల్లో ఆషాఢం అయిపోతుంది కదా, జయరావు గారు నిన్న వచ్చారు. లోపల కూర్చోవడానికి చోటు లేక బయట నిలబడ్డారు. చివరికి, ఫోమ్ వాళ్లకి తెనాలి రోడ్డులో వేరే గది చూపించానని, ఈ గది నువ్వు ఉన్నన్నాళ్లూ నీదేనని అన్నారు. టై కోసం చూశారు. పున్నమ్మ దాంతో ఒక పరుపు చుట్ట బిగించి కట్టి అప్పటికే పంపించేసింది. అది ఇప్పుడు ఏదో హాస్టల్లో ఉంది.

ఇక అసలు సంగతి. సైటు పెట్టి ఆరు నెలలైంది, కొనసాగించాలా వద్దా అని ప్రేమ్‌చంద్ గారు అడిగారు. ఇప్పటికి మీటరు రెండువేలు దాటింది. అందులో వచ్చిన ఆర్డరు మాత్రం ఒక్కటే, గుల్షన్ గారిది.

అక్కా, ఆ మెయిల్ చదివించుకున్న రోజే నాకు తెలుసు. ఎర్రదారం ముడి నాన్న అందరికీ వెయ్యలేదు. నువ్వు చిన్నప్పుడు తలవైపు, కాళ్లవైపు తేడా లేకుండా తిరిగి పడుకుంటున్నావని, నీ పరుపుకి మాత్రమే వేశాడు. నేనెన్నిసార్లు ఏడ్చినా నాకు వెయ్యలేదు. ప్రేమ్‌చంద్ గారి ముందు కళ్లు తుడుచుకుంటే ఏమైందన్నారు. మీ కంప్యూటర్ వెలుగు ఎక్కువగా ఉందండీ అన్నాను.

తెలిసి కూడా దాన్నే జయరావు గారికి చూపించి గడువు అడిగాను. అది తప్పో ఒప్పో నువ్వే చెప్పు. ఆ గడువు లేకపోతే జూన్ నెల నాకు వచ్చేది కాదు, ఈపాటికి ఆ టై నా మెడలో ఉండేది. ఆ లారీ మీ ఊళ్లో మీ ఇంటి ముందునుంచే కావలి పోయిందని, బావ దాన్ని అక్కడినుంచి బస్సు మీద వెనక్కి తెచ్చాడని తలుచుకుంటే ఒకపక్క నవ్వు, ఒకపక్క ఏడుపు. ఆయన నడుం పట్టేసింది కూడా నా వల్లేనన్నమాట.

బోర్డు తెలుగులో రాయించి, విల్లు దాని కింద పెట్టాను. సైటు ఆపేయమంటావా?

సిలార్

---

సింగరాయకొండ,
12 ఆగస్టు 2002

సిలారూ,

అన్నీ తెలిసినవాడివి నాలుగు నెలలు నోరు మూసుకున్నావంటే, కాగితం మీద కూడా నువ్వు దొరకవని ఇప్పుడు అర్థమైంది. నేనూ దొరకననుకున్నాను. ఇద్దరం నాన్న పిల్లలమే.

తప్పేం లేదు. ఆర్డరు నిజం, డబ్బు నిజం, పరుపు నిజం. పేరొక్కటే కాదు. అక్క కొన్నదంటే నువ్వు ఊరికే ఇచ్చేస్తావు, అందుకని గుల్షన్ కొంది. సింగరాయకొండ అని రాస్తే కనిపెడతావని శ్రీరమ్య చేత కావలి అని రాయించాను. ఇంత తెలివి ఉపయోగించి చివర్లో ఎర్రదారం అడిగాను చూడు. అది లేకుండా ఉండలేకపోయాను.

మీ బావకి నడుంనొప్పి ఇప్పుడు లేదు. ఆ పరుపు మీద పడుకుంటే పొద్దెక్కినా లేవట్లేదు, నీ మీద ఒక్క మాట పడనివ్వడు.

సైటు తీసేయకు. బోర్డు, గేటు, మూలన నెంబరు, విల్లు చప్పుడు, అన్నీ ఉన్నాక దాని దారిన అదీ ఉండనీ. గురువారం గురువారం శ్రీరమ్యతో వెళ్లి తెరుస్తాను. విల్లు ఫోటో కాసేపు చూసి వస్తాను. ఆ రోజు మీటరు ఒకటి పెరిగితే నేనే వచ్చాననుకో. ఆ ఫోటో మాత్రం మార్పించు, మన గోడ మీద ఉన్నది పెట్టించు.

ఇంకో సంగతి. పరుపు కాళ్లవైపు కుడిమూల దూది కాస్త తక్కువైంది, కూర్చుంటే మంచం తగులుతోంది. ఈ గురువారం గుల్షన్ గారు సైటులో ఫిర్యాదు పెడతారు. జవాబు ఇంగ్లీషులో మర్యాదగా ఇప్పించు. ఆవిడకి కోపం ఎక్కువ.

రసూల్‌బీ